ఓబులమ్మ భయం

నంద్యాలలో మా వీధికంతా పిరికి మనిషి ఎవరని అడిగితే పాలు పోసేవాడు కూడా ఓబులమ్మ పేరే చెబుతాడు. బల్లికి భయం, ఉరుముకు భయం. కుక్క మొరిగితే భయం, మొరగకపోతే మరీ భయం. పొద్దు గూకాక ఇంటి ముందున్న కుళాయి దగ్గరికి పోవాలన్నా ఎదురింటివాళ్ళను పిలిచి, వాళ్ళు పలికాకే బిందె పట్టుకుని బయటికి వస్తుంది. వాళ్ళు ఊరికి పోయుంటే ఆ పూట ఓబులమ్మ ఇంట్లో నీళ్ళు లేనట్టే.

మాది వీధి మొదట్లో కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. బోర్డు మీద పేరు మా ఆయన మాధవయ్యదే గానీ సాయంత్రం నుంచి గల్లా దగ్గర కూర్చునేది నేను. ఎవరు ఎప్పుడు పోతారో, ఎవరు ఎప్పుడు వస్తారో అన్నీ నాకు కనబడతాయి. ప్రభావతికి అందరి సంగతులూ కావాలి అని కొందరు మూతి తిప్పుకుంటారు. కళ్ళున్నాయి, కొట్టు నాలుగు రోడ్ల మీదుంది, నేనేం చేయను?

ఓబులమ్మ కాలేజీ పక్కన ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పుట్టింది రుద్రవరం దగ్గర పల్లె. భర్త శాంసన్ లారీ డ్రైవరు. బైబిల్లో బలవంతుడి పేరు కదా అని భీముడంతటి మనిషి అనుకునేరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. బక్కపలచగా, గట్టిగా తుమ్మితే పడిపోయేటట్టుంటాడు. పాపం మంచివాడే, కాకపోతే రాత్రుళ్ళన్నీ లారీ మీదనే గడుస్తాయి. అందువల్ల హాస్టల్లో పిల్లల భోజనాలు అయ్యాక ఓబులమ్మ ఒక్కతే ఇంటికి రావాలి. ఇల్లేమో వీధికి ఆ చివర. నడుమ ఒక మలుపు, మలుపు దగ్గర ఎప్పుడూ వెలగని వీధి దీపం.

మొదట్లో ఆమె మా కొట్టు దగ్గరికి వచ్చి అగ్గిపెట్టె కొని అలాగే నిలబడేది. అగ్గిపెట్టె ఒక నెపం.

"లోపలికి ఎవురన్నా పోతాండారా అక్కా?" అని అడిగేది.

ఎవరు వచ్చినా సరే, వాళ్ళ వెంట పడేది. ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు, ప్రెస్సులో పనిచేసేవాళ్ళు, మార్ట్‌లో నిలబడి నిలబడి కాళ్ళు వాచిన ఆడపిల్లలు, అందరినీ ఒక గుంపు చేసి నడిపించేది. ఎవరైనా తొందరపడి ఒంటరిగా పోబోతే ఒప్పుకునేది కాదు. వాళ్ళకేమన్నా అయితే అన్న ఆలోచన ఒకసారి మొదలైతే ఆమెకు తెల్లవార్లూ నిద్ర పట్టదట. నిద్ర కోసం ఊరినంతా కాపాడే మనిషిని నేను ఈమెనొక్కదాన్నే చూశాను.

ఒకరోజు వెంట ఎవరూ దొరక్క మా ఆయనను పట్టుకుంది. "మాధవన్నా, కొట్టు కట్టేసినాక నన్ను దించి పోదువు రా" అంది. ఈయన దించాడు. తీరా ఇంటి దగ్గరికి పోయాక, మాధవన్న తిరిగి ఒక్కడే ఎట్లా పోతాడని ఆమెకు బెంగ పట్టుకుంది. ఎదురింటాయనను లేపి తోడు పంపింది. ఇద్దరూ మా కొట్టు దగ్గరికి వచ్చారు. ఇప్పుడు ఎదురింటాయన ఒంటరి అయ్యాడు. ఆయనను దించడానికి మా ఆయన మళ్ళీ బయలుదేరాడు. ఈయన మొహమాటస్తుడు, ఆయన మర్యాదస్తుడు. ఇలా వాళ్ళిద్దరూ ఒకరినొకరు సాగనంపుకుంటూ వీధిలో తిరుగుతూనే ఉంటే నేను చీపురు పట్టుకుని పోయి ఎవరింటికి వాళ్ళను తరమాల్సి వచ్చింది.

"మీకు బుద్ధి ఉందా, లేదా?" అని నేను అరుస్తుంటే ఓబులమ్మ కిటికీలోంచి, "తిట్టొద్దక్కా, నేనొక ఉపాయం చెప్తా" అంది.

ఆ ఉపాయం ఆమె చిన్నప్పటిది. రుద్రవరం వైపు పొలాలు నల్లమలకు దగ్గర. పైరు మీద అడవిపందులు పడకుండా వాళ్ళ నాయన రాత్రుళ్ళు మంచె మీద కాపలా ఉండేవాడు. ఒక మంచె మీదివాడు "ఓ" అని కూక వేస్తే పక్క మంచె మీదివాడు బదులు కూక వేయాలి. బదులు రాలేదంటే కట్టె, దివిటీ పట్టుకుని పోయి చూస్తారు. పందులను తోలడం ఒక్కటే కాదు, పక్కవాడు బాగున్నాడో లేదో తెలుసుకోవడానికి కూడా ఆ కూకే. మన వీధిలోనూ అట్లనే చేద్దాం, ఇల్లు చేరినవాళ్ళు గడప దగ్గర నిలబడి ఒక కూక వెయ్యాల, అంతే అంది.

అందరూ నవ్వారు. నవ్వుతూనే అలవాటు పడ్డారు. ఇప్పుడు మా వీధిలో రాత్రి భోజనాల వేళకు "చేరినా!" "మేమూ చేరినాం!" అని ఒక్కో గడప నుంచి కేకలు వినబడతాయి. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఏదో కొట్లాట జరుగుతోందనుకుని తలుపులు వేసుకుంటారు. వారం తిరిగేసరికి వాళ్ళూ అరుస్తారు.

ఇట్లా ఉండగా షాలిని ఉద్యోగం సంగతి వచ్చింది.

షాలిని మా వీధిలోని జీవన్ కుమార్ కూతురు. తల్లి లేని పిల్ల. జీవన్ కుమార్ ఆళ్ళగడ్డలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టరు. పొద్దున్నే బస్సెక్కి పోతాడు, అక్కడ పిల్లల చేత రాత్రి చదువులు కూడా చదివించి ఆఖరు బస్సుకు వస్తాడు. కూతురిని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివించాడు. చాలా చోట్ల తిరగ్గా తిరగ్గా ఆ పిల్లకు కాలువ వంతెన అవతల ఒక రక్తపరీక్షల ల్యాబులో పని దొరికింది. అయితే అది మధ్యాహ్నం నుంచి రాత్రి తొమ్మిది వరకు. పగటి డ్యూటీ ఖాళీ లేదు.

"వద్దు. చీకటి పడినాక ఆడపిల్ల వంతెన దాటి రావడమా? ఇంట్లో ఉండు. పగటి ఉద్యోగం దొరికినప్పుడు సూద్దాం" అన్నాడు తండ్రి. మంచివాడే, బిడ్డంటే ప్రాణం. అందుకే అన్నాడు. కానీ ఆ పగటి ఉద్యోగం ఎప్పుడు దొరుకుతుంది? షాలిని మా కొట్టుకు పంచదార కోసం వచ్చి, పంచదార అడగడం మరిచిపోయి ఏడ్చింది.

పక్కనే ఉన్న ఓబులమ్మ, "నేను తోలుకొస్తాలే పాపా, ఏడవద్దు" అంది.

ఈ మాట విని జీవన్ కుమార్ పగలబడి నవ్వాడు. "ఓబులక్కా, తాను దూర సందు లేదు, మెడకో డోలన్నట్టుంది నీ యవ్వారం. నిన్నే ఇంగొకరు తోలుకుపోవల్ల, నువ్వు నా బిడ్డను తోలుకొస్తావా?"

ఓబులమ్మ చిన్నబుచ్చుకోలేదు. "నిజమే అప్పా. అందుకే గుంపుతో తోలుకొస్తా" అంది.

నేనూ నాలుగు మాటలు గట్టిగా అన్నాను. చివరికి ఆయన మెత్తబడ్డాడు, కానీ షరతు పెట్టాడు. "ఒక్క దినం నేను ఇంటికొచ్చేలోపల పిల్ల ఇంట్లో లేకుంటే, ఆ పొద్దే ఆ ఉద్యోగానికి ఆఖరు. మళ్ళ నన్ను అడగొద్దండి."

ఏర్పాటు ఏమిటంటే, ల్యాబు కింద మందుల షాపులో పనిచేసే సింధూజ, షాలిని కలిసి వంతెన దాటి మా కొట్టు దాకా వస్తారు. ఇక్కడి నుంచి ఓబులమ్మ గుంపు. "ఎప్పుడన్నా తోడు లేకుంటే ఒక్కదానివే అడుగు బయట పెట్టొద్దు, ఆడనే ఉండు. ఎవురో ఒకరం వస్తాం" అని ఓబులమ్మ ఆ పిల్లకు రోజూ చెప్పేది. విని విని నాకే విసుగొచ్చేది. షాలిని మాత్రం నవ్వుతూ "సరే పెద్దమ్మా" అనేది. మొదటి జీతంతో తండ్రికి మంచి చెప్పులు కొనింది. ఆయన వాటిని ఆళ్ళగడ్డ బడిలో అందరికీ చూపించాడని తర్వాత తెలిసింది. నాకు చెప్పలేనంత సంతోషమయింది.

ఆ వానాకాలంలో ఒకరోజు మహానందిలో మా బంధువుల పెళ్ళి. మా ఆయనతో సహా వీధిలో సగం మంది పోయారు. నాకు మోకాలి నొప్పి కాబట్టి కొట్టులోనే ఉన్నాను. సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. ఓబులమ్మ తడుచుకుంటూ వచ్చి కొట్టు మెట్ల మీద నిలబడింది. గుంపు లేదు. షాలిని రాలేదు. రావలసిన వేళ దాటిపోయింది.

ఫోన్ చేస్తే స్విచాఫ్. సింధూజకు చేశాను. "నాకు జొరమక్కా, ఈ పొద్దు పనికే పోలే" అంది.

తెలిసిన ఆటోవాళ్ళకు చేస్తే ఒకడు ఎత్తలేదు, ఇంకొకడు మహానందిలో ఉన్నాడు. జీవన్ కుమార్‌కు చెప్పాలా వద్దా అని ఫోను చేతిలో పట్టుకుని ఊగిసలాడాను. చెబితే రేపటి నుంచి పిల్లకు ఉద్యోగం లేదు.

"చెప్పక్కా" అంది ఓబులమ్మ. "ఉద్యోగం పోతే ఇంగొకటి వస్తాది. పిల్లకు ఏమన్నా అయితే యాడ తెస్తాం?"

చేశాను. ఆయన ఎక్కిన బస్సు దారిలో శిరివెళ్ల దాటిందట. "వస్తాండా, వస్తాండా" అని పెట్టేశాడు. నేను తల ఎత్తేసరికి మెట్ల మీద ఓబులమ్మ లేదు.

చూస్తే వంతెన వైపు పోతోంది. ఒక్కతే. చేతిలో గొడుగు లేదు, కట్టె లేదు. "యేసయ్యా, యేసయ్యా" అని ఊరంతా వినబడేటట్టు అరుస్తూ, పరుగు కాదు, నడక కాదు, మధ్యలో ఏదోలా పోతోంది. "ఏమ్మే, నీకు పిచ్చా?" అని నేను అరిచాను. వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే పోలేకపోయేదేమో.

అక్కడ జరిగింది షాలిని చెప్పగా విన్నాను. ల్యాబులో డాక్టరు, మిగిలినవాళ్ళు వానకు ముందే వెళ్ళిపోయారు, కింద మందుల షాపూ మూసేశారు. ఆఖరి రిపోర్టులు ఇచ్చి మూసే పని ఈ పిల్లది. కరెంటు లేక ఫోను చచ్చిపోయింది. షట్టరు సగం దించి రోగులు కూర్చునే బల్ల మీద చీకట్లో కూర్చుంది. తండ్రి బస్సు వచ్చే వేళ అవుతోందని తెలుసు. ఇప్పుడు బయలుదేరితే ఉద్యోగం నిలుస్తుందేమో అనుకుని రెండుసార్లు మెట్ల దాకా దిగిందట. వంతెన మీద ఎవరో మగవాళ్ళు సిగరెట్లు కాలుస్తూ నిలబడి ఉన్నారు. మంచివాళ్ళో చెడ్డవాళ్ళో ఆ చీకట్లో ఎట్లా తెలుస్తుంది? పెద్దమ్మ చెప్పిన మాట గుర్తు చేసుకుని మళ్ళీ లోపలికి పోయి కూర్చుంది. ఉద్యోగం పోయిందనే అనుకుని ఏడుస్తోంది.

అప్పుడు వంతెన మీద నుంచి కూక వినబడింది. "ఓ... షాలినీ..."

ఆ పిల్ల షట్టరు కింద నుంచి బయటికి వంగి, ఉన్న బలమంతా పెట్టి బదులు కూక వేసింది. ఆ కేకలకు సిగరెట్లవాళ్ళే దడుచుకుని పక్కకు జరిగారట.

"ఒక్కదానివే వచ్చినావా పెద్దమ్మా?" అని అడిగింది షాలిని.

అప్పటికిగానీ ఓబులమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. వంతెన, చీకటి, వాన కనబడ్డాయి. మెట్ల మీద కూలబడింది. "నీళ్ళియ్యి పాపా" అని అడిగి తాగి, చాలాసేపు ఆ పిల్ల చేయి వదలలేదు. తర్వాత, "లెయ్, పోదాం. నాకు తోడు రా. నేనొక్కదాన్నే ఇంగ తిరిగి పోలేను" అంది.

వాళ్ళిద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని మా కొట్టు దగ్గరికి వచ్చేసరికి జీవన్ కుమార్ అప్పుడే బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో గొడుగు ఉంది, వేసుకోవడం మరిచిపోయాడు. కూతురిని తల నుంచి పాదాల దాకా చూశాడు.

"ఆలస్యమయింది నాయనా" అంది షాలిని, ఆయన నోరు తెరవకముందే. "తోడు లేదని బయటికి రాలేదు. పెద్దమ్మ వచ్చినాకనే వచ్చినా."

ఆయన ఓబులమ్మ వైపు తిరిగాడు. ఆమె మా కొట్టు స్తంభాన్ని పట్టుకుని పళ్ళు కటకటలాడేటట్టు వణుకుతోంది.

"నువ్వు... ఒక్కదానివే పోయినావా ఓబులక్కా? భయం కాలేదా?"

అంత మెత్తటి మనిషి ఓబులమ్మకు ఎన్నడూ లేని కోపం వచ్చింది. "కాకుండా ఉంటాదా? ఏం మాట్లాడతాండావప్పా! సచ్చేంత భయమైంది. ఆడ బిడ్డ ఒక్కతే కూసోని ఉండాదంటే ఈడ నిలబడేదానికి ఇంగా భయమైంది. అందుకే పోయినా. దాన్ని సూసేదాకా ఈ పానం కుదురుకోలే" అంది. అని వలవలా ఏడ్చింది.

జీవన్ కుమార్ తల దించుకున్నాడు. నాకూ కళ్ళ నీళ్ళు ఆగలేదు, కొంగుతో తుడుచుకుంటూ పొయ్యి మీద టీ పెట్టాను. షాలిని తన చున్నీ తీసి ఓబులమ్మ తల తుడుస్తోంది. ఉద్యోగం సంగతి అడగడానికి ఆ పిల్లకు ధైర్యం లేదు.

టీ తాగడం అయ్యాక ఆయన చేతిలో ఉన్న గొడుగు కూతురి చేతికి ఇచ్చాడు.

"రేపు కూడా వాన పడేటట్టుంది" అన్నాడు. "డ్యూటీకి పొయ్యేటప్పుడు ఇది ఎత్తుకపో పాపా."