సాలెగూడా, మబ్బా?

లెమ్యూల్ పెటిగ్రూ గురించి మా మిమ్స్ ఊళ్లో ఇప్పుడు రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. నిప్పులాంటి మనిషని చర్చిలో వాళ్లంటారు. కన్నకూతురి నోటి దగ్గరి ముద్ద తన్నేసిన మొండివాడని క్షౌరశాలలో కూర్చునేవాళ్లంటారు. పదకొండేళ్లు అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ట్రక్కు నడిపినదాన్ని నేను. ఆ రోజు కూడా పక్కనే ఉన్నాను. ఈ రెండు మాటల్లో ఏది విన్నా నాకు ఒళ్లు మండుతుంది.

మా పని మిల్లులు చూసుకోవడం. పిండిమిల్లులు కావు. రాకెట్లు ఎగరేసే కేప్ చుట్టూ చిత్తడి నేలల్లో ముప్పైకి పైగా యంత్రాలు ఇనపకాళ్ల మీద నిలబడి ఉంటాయి. ఒక్కోదానికి బోర్లించిన గిన్నె, అందులో గిర్రున తిరిగే చిన్న రెక్కలు. పైనున్న మబ్బులో ఎంత విద్యుత్తు పోగుపడిందో అవి కొలిచి చెబుతాయి. మెరుపు లేకపోయినా సరే, అలాంటి మబ్బులోకి దూసుకెళ్లే రాకెట్టు పిడుగును తానే నెత్తిమీదికి తెచ్చుకుంటుంది. అందుకని ఒక్క మిల్లు అంకె హద్దు దాటినా ప్రయోగం ఆపేస్తారు. అంకె దిగాక కూడా పదిహేను నిమిషాలు ఆగి చూడాలి.

ఆ గిన్నెలంటే సాలీళ్లకు మహా ఇష్టం. గూడు తడిసిందంటే మిల్లు అబద్ధాలు మొదలుపెడుతుంది, అంకె ఊరికే పైకి పోతుంది. అబద్ధమని తేలితే ఆ అంకెను లెక్కలోకి తీసుకోరు. తేల్చడానికో పద్ధతి ఉంది. ముందు మిల్లుకు లోహపు మూత బిగించాలి. మూత కింద కూడా అంకె దిగకపోతే తప్పు గూటిది, దిగితే మబ్బుది. ఆ తరవాతే తుడవాలి. అదంతా కాగితం మీద. మాలో ఎవరూ పాటించిన పాపాన పోలేదు, నాతో సహా. గూడు కనబడగానే గుడ్డతో తుడిచెయ్యడం, రేడియోలో "సాలీడే" అనెయ్యడం. లెమ్యూల్ ఇరవై ఆరేళ్లలో ఆ మాట కొన్ని వందలసార్లు అనుంటాడు. ఒక్కరూ తిరిగి అడగలేదు.

మనిషి సరదా మనిషి. ఉడికించిన వేరుశనగల సంచి ఒళ్లో పెట్టుకుని, తొక్కలు నా ట్రక్కు నిండా పోస్తాడు. సాలీళ్లను "దొరసానులు" అంటాడు. భార్య పోయాక ఒక్కగానొక్క కూతురు జొనెట్‌ను తానే పెంచాడు. ఆ పిల్ల చదివి చదివి, అంగారకుడి మీద గాలిని కొలిచే పరికరం ఒకటి కట్టింది. బూట్ల పెట్టెంత ఉంటుంది. దానికి తొమ్మిదేళ్లు పట్టింది. పెళ్లీ పెటాకులూ అన్నీ పక్కన పెట్టేసింది. ఆ సెప్టెంబరులో ఆ పెట్టె రాకెట్టు మీదికెక్కి కూర్చుంది.

అప్పుడే తుపాను బయల్దేరింది. బహామాస్ దాటి మా మీదికే వస్తోంది. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఈదురుగాలులు మొదలవుతాయన్నారు. ఆ రోజు ఎగరకపోతే రాకెట్టును వెనక్కి షెడ్డులోకి లాక్కుపోవాల్సిందే. మళ్లీ బయటికి తెచ్చేసరికి అంగారకుడికి వెళ్లే అదను దాటిపోతుంది. మళ్లీ అదను ఇరవై ఆరు నెలలకు. జొనెట్ పెట్టెను అన్నాళ్లు మోసేది లేదని పైవాళ్లు ముందే తెగేసి చెప్పారు. ఆ పిల్లకు అదే ఆఖరి అవకాశం.

ఆ పొద్దున ఫోను చేసింది. "డాడీ, మీ దొరసానుల్ని ఇవాళ ఒక్కరోజు సెలవు పెట్టమను."

"చెప్పి చూస్తానమ్మా. ఇంట్లో దానివి, నువ్వే వినవు నా మాట, అవి వింటాయా?" అన్నాడు. నవ్వాడు గానీ, ఆ పూట వేరుశనగల సంచి విప్పనేలేదు.

ప్రయోగానికి ఇచ్చిన సమయం మూడూ ఇరవై నుంచి మూడూ నలభై ఒకటి దాకా. మూడూ ఇరవై రెండుకు రేడియో మోగింది. వాతావరణ అధికారి బ్రెండా హాల్వర్సన్. ఎగరొచ్చో లేదో ఆకాశం తరఫున చెప్పేది ఆవిడే.

"లెమ్యూల్, పంతొమ్మిదో మిల్లు అంకె హద్దు దాటి కూర్చుంది. మిగతావన్నీ బుద్ధిగానే ఉన్నాయి. తొందరగా చూడు."

పంతొమ్మిది మేమున్న చోటికి నాలుగు నిమిషాలు. మూడు నిమిషాల్లో తీసుకెళ్లాను. తూర్పున తుపాను తాలూకు వాన నల్లగా అడ్డుకట్టి ఉంది. నెత్తిమీద పల్చటి తెల్లమబ్బు ఒకటి ఉత్తరానికి జరుగుతోంది. లెమ్యూల్ దూకి గిన్నె కిందికి తల పెట్టాడు.

"ఉంది! ఉంది దొరసాని!" అని చిన్నపిల్లాడిలా అరిచి, జేబులో గుడ్డ లాగి బరబరా తుడిచేశాడు.

అప్పటికి నేను వెనకనుంచి మూత పట్టుకుని వస్తున్నాను. నా చేతిలో మూత చూసి అతని మొహం పాలిపోయింది. అంకె దిగుతోంది, మబ్బు కూడా అటు పోతోంది. దేనివల్ల దిగుతోందో ఇక దేవుడికే తెలియాలి. టైము మూడూ ఇరవై ఎనిమిది. మబ్బుదే అనుకుని పదిహేను నిమిషాలు ఆగితే మూడూ నలభై మూడు, అప్పటికి ఇచ్చిన సమయం దాటిపోతుంది.

రేడియోలో బ్రెండా అడిగింది. "దిగింది, చూస్తున్నాను. చెప్పు లెమ్యూల్. సాలెగూడా, మబ్బా?"

అతను చేతిలో గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను భుజం పట్టుకుని కుదిపాను. "సాలీడని చెప్పవయ్యా! రోజూ చెప్పేదేగా!"

"నాకు తెలీదు డోరీన్."

"ఆ గుడ్డకు అంటుకుంది గూడు కాక నీ తలకాయా? చెప్పు!"

"గూడూ ఉంది, మబ్బూ ఉంది. అది సాలీడే అయ్యుండాలని నా ప్రాణం కొట్టుకుంటోందే. ఇంతలా కొట్టుకునేవాడి మాట ఎవరైనా నమ్మొచ్చా? నేనే నమ్మలేకపోతున్నాను."

చేతిలోంచి రేడియో లాక్కుందామనుకున్నాను. నేను చెప్పినా నమ్మేవాళ్లు. లాక్కోలేదు. ఎందుకు లాక్కోలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను, లాక్కోనందుకు సంతోషపడుతూనే ఉన్నాను.

"మూత పెట్టకుండా తుడిచేశాను బ్రెండా గారూ," అన్నాడు. "ఏదో చెప్పలేను."

ఆ రాకెట్టు మీద ఎవరి పెట్టె ఉందో ఆవిడకూ తెలుసు. "విన్నాను లెమ్యూల్," అంది. ప్రయోగం ఆగిపోయింది.

రాకెట్టు ఎగిరిన ప్రతిసారీ అందరం కలిసి తినే బీన్స్, మొక్కజొన్న రొట్టె ఆ రోజు గిన్నెల్లోనే చల్లారిపోయాయి. గేటు బయట జొనెట్ నిలబడి ఉంది. తండ్రి చెప్పిందంతా విని, "తొమ్మిదేళ్లు డాడీ," అని మాత్రం అంది. కారెక్కి వెళ్లిపోయింది. మర్నాడు తుపాను వచ్చింది. మా ఇంటి రేకులు మూడు లేచిపోయాయి. రాకెట్టు షెడ్డులో క్షేమంగానే ఉంది. తరవాత పెట్టెను ఊడదీసి ఏదో బీరువాలో పెట్టారట. జొనెట్ వేరే ఊళ్లో పాఠాలు చెప్పే ఉద్యోగానికి కుదిరింది. క్రిస్మస్‌కు రాలేదు.

జనవరిలో విచారణ కాగితం వచ్చింది. ఆ మబ్బులో ఏమీ లేదట. ఆ రోజు పైకి పంపిన బెలూన్ల లెక్కలూ, మబ్బుల్ని చూసే విమానం లెక్కలూ అన్నీ సరిచూశారు. తప్పు గూటిదే. ఎగిరుంటే నిక్షేపంగా ఎగిరేది. ఆఫీసులో ఒకాయన వచ్చి, "ఏమైతేనేం, తెలియంది తెలియదన్నారు, మిమ్మల్ని మెచ్చుకోవాలి," అని లెమ్యూల్ చెయ్యి పట్టుకుని ఊపాడు. నీ మెప్పు తగలెయ్య, అనుకున్నాను.

ఆ వారమే మధ్యాహ్నం ట్రక్కులో భోజనం చేస్తుంటే జొనెట్ ఫోను చేసింది. నాలుగు నెలల తరవాత. అతని చేతులు ఎంగిలిగా ఉంటే నేనే స్పీకరు నొక్కి పట్టుకున్నాను.

"కాగితం చదివాను డాడీ. తిట్టడానికి చెయ్యలేదు. ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పు."

"అడగమ్మా."

"ఆ పెట్టె ఇంకెవరి కూతురిదో అయ్యుంటే, సాలీడని చెప్పేవాడివా?"

అబద్ధం చెప్పు, ఈ ఒక్కసారికి చెప్పు, అని నేను కళ్లతో బతిమాలాను. అతను నా వైపు చూడనైనా లేదు.

"చెప్పేవాణ్ణి తల్లీ," అన్నాడు.



"నాదైనందుకే చెప్పలేదన్నమాట," అంది జొనెట్.