వెనక్కి తిరిగిన సీటు

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్లు పడవలో వెనక్కి తిరిగి కూర్చుంది. ఇది అతిశయోక్తి కాదు. అతిశయోక్తి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. పదో తరగతి మూడుసార్లు తప్పినవాణ్ని, నాకు నూటికి నూరు వచ్చే సబ్జెక్టు అదొక్కటే.

నీటి మీద స్కీయింగు చేసేవాడు తాడు పట్టుకుని పడవ వెనక జారుతూ వస్తాడు. పడవ నడిపేవాడు ముందుకు చూడాలి. వెనక వచ్చేవాణ్ని కనిపెట్టుకుని ఉండడానికి ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరు మా పెద్దమ్మ. నడిపేది మా పెద్దనాన్న. ఇద్దరూ వీపుకి వీపు ఆనించి కూర్చునేవాళ్లు. జలాశయం పక్క క్లబ్బులో అదే వాళ్ల ఉద్యోగం, ఇంచుమించు కాపురం కూడా అదే. "మీ పెద్దనాన్న మొహం కన్నా వీపే నాకు బాగా తెలుసురా" అనేది.

నీళ్లలో పడినవాడు బాగానే ఉంటే చెయ్యి పైకెత్తాలి. అది రూలు. ఎవరు పడినా పెద్దమ్మ ఎర్రజెండా ఎత్తి "పడ్డాడు" అనేది. పెద్దనాన్న తల తిప్పకుండా "చెయ్యెత్తాడా?" అనేవాడు. "ఎత్తాడు" అన్నాకే ఊపిరి వదిలి పడవ మళ్లించేవాడు. ముందు అద్దం మీద పెద్ద రియర్ వ్యూ అద్దం ఉండేది కానీ ఆయన దాంట్లోకి చూసేవాడు కాదు. "మీ పెద్దమ్మ ఉండగా అద్దం ఎందుకు?" అనేవాడు. వాళ్లిద్దరూ జీవితంలో మాట్లాడుకున్న మాటలన్నీ మూట కడితే అందులో సగం ఈ మూడు మాటలే.

నేనూ ఆ తాడు పట్టుకున్నవాణ్నే. ఒంటికాలి మీద, చేతిలో టీ గ్లాసుతో, చుక్క ఒలక్కుండా జలాశయమంతా చుట్టి వచ్చాను. ఈ మాట పెద్దమ్మ ముందు అంటే, "గ్లాసు చేతిలో ఎక్కడుందిరా, మోకాలు నోట్లో ఉంటేనూ" అంటుంది. చూసింది ఆవిడొక్కతే కాబట్టి నేను వాదించను.

పడవ నాకంటే ముసలిది. ఒకప్పటి తెలుపు పాత దంతాల రంగుకి వచ్చింది. దాన్ని ఇన్నాళ్లు బతికించింది కూడా పెద్దమ్మే. ఇంజనుకి నీళ్లందించే పంపులో రబ్బరు చక్రం ఏటా మార్చేది. పడవ నేల కింద కుళ్లిన చెక్కని ఉలితో తొలిచి కొత్తది వేసేది. ఇంజను తిప్పే కడ్డీ పడవ అడుగులోంచి బయటికి వెళ్లే చోట నీళ్లు చుక్క చుక్కగా లోపలికి రావాలి. బొత్తిగా రాకపోతే కడ్డీ కాలిపోతుంది, మరీ వస్తే పడవ మునుగుతుంది. పెద్దమ్మ టార్చి వేసుకుని, బోర్లా పడుకుని, నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టి నట్టు బిగించేది. "సంసారమూ ఇంతేరా. మరీ బిగించకూడదు, కాస్త కారుతూ ఉండాలి" అనేది.

ఇన్నేళ్లు పడవ నడిపినా పెద్దనాన్న ఒక్కసారి కూడా స్కీయింగు చెయ్యలేదు. ఆయన నీళ్లలోకి దిగితే నడిపేదెవరు? షెడ్డు గోడకి ఆయన కొనుక్కున్న స్కీల జత వేలాడుతూ ఉండేది. తడి ఎరగని స్కీలు. "ఒక్క రౌండు నువ్వు నడపవే" అని బతిమాలేవాడు. "నాకు ముందేముందో ఎలా తెలుస్తుంది? వెనక ఏముందో అడగండి, చెప్తాను" అనేది.

కిందటి ఏడు ఒక మధ్యాహ్నం తాడు చివర ఉన్నది నేనే. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కోతి చేష్టలు. పెద్దమ్మ నన్ను చూసి నవ్వుతోంది. ఆవిడ వెనక పెద్దనాన్న తల నెమ్మదిగా ముందుకి వాలడం నేను చూశాను. మీటరు చూసుకుంటున్నాడనుకున్నాను. పడవ మలుపు తిరక్కుండా తిన్నగా పోతుంటే చెయ్యి ఊపి చూపించాను. అదీ నా వేషమే అనుకుని పెద్దమ్మ ఇంకా నవ్వింది. పడవ వెళ్లి తుంగలో దూరి ఆగింది. అప్పటికి ఆయన లేడు. పోయి ఎంతసేపయిందో ఆవిడకి తెలియదు. వీపు వెచ్చగానే తగులుతోందట.

లోకంలో పడినవాళ్లందర్నీ చూసిన మనిషి, వీపు వెనకే పడిన ఆయన్ని చూడలేదు. ఆ తరవాత ఎప్పుడు కలిసినా నన్నొకటే అడిగేది. "నువ్వు ఎదురుగా ఉన్నావుగా. పోయేముందు చెయ్యెత్తాడా?" నేను చూడలేదనేవాణ్ని.

పడవ పనికిరాదని క్లబ్బు వాళ్లు తేల్చారు. రేపు పొద్దున లారీ వస్తుంది, కోసి పట్టుకుపోతారు అనగా పెద్దమ్మ మా ఇంటికొచ్చింది.

"చొక్కా వేసుకో. ఆయన రౌండు మిగిలిపోయింది."

"ఆయనెక్కడున్నాడు పెద్దమ్మా?"

"అది చూసి చెప్పడానికే నిన్ను తీసుకెళ్తున్నాను."

ఆ రోజు క్లబ్బుకి సెలవు. మధ్యాహ్నం మూడు గంటలు, ఎండ తెల్లగా ఉంది, ఆకు కదలడం లేదు. పెద్దమ్మ గోడ మీది స్కీలు దింపి రేవు దగ్గర నీళ్లలో పక్కపక్కన పెట్టింది, చెప్పుల జత విడిచినట్టు. ఇంజను పెట్టెలోని పెట్రోలు ఆవిరి పోవడానికి ఫ్యాను నాలుగు నిమిషాలు తిప్పింది. మూత ఎత్తి వాసన చూసింది. తాళం తిప్పింది. మొదటిసారి ఆవిడ ముందుకి, నేను వెనక్కి.

ఎడమకి తిప్పాల్సిన చోట కుడికి తిప్పి రేవుని గుద్దబోయింది. "ఇటునుంచి చూస్తే ఎవరిదో చెరువులా ఉందిరా" అంది.

"అద్దం ఉందిగా, చూసుకో."

"నువ్వుండగా అద్దం ఎందుకు?"

తాడు చివర ఖాళీ పిడి నీళ్ల మీద కప్పలా గెంతుతూ వచ్చింది. అవతలి మలుపు దాటేదాకా అంతే. దాటాక గెంతడం మానేసింది. నీళ్ల మీంచి లేచి, మనిషి నడుమంత ఎత్తులో నిలబడింది. తాడు కర్రలా బిగిసింది. ఇంజను గొంతు మారింది, బరువు లాగేటప్పుడు మారినట్టే. పడవ వదిలే నురగ పక్కనే నీటి మీద ఒక సన్నటి గీత పడుతోంది. కొత్తగా నేర్చుకునేవాడు బెదిరినట్టు అటూ ఇటూ వణుకుతోంది ఆ గీత.

ఇందులో నేను కలిపింది ఒక్క ముక్క కూడా లేదు. నా విషయంలో ఇది మామూలు సంగతి కాదు.

"ఉన్నాడా?" అంది పెద్దమ్మ, తల తిప్పకుండా.

"ఉన్నాడు" అన్నాను.

జలాశయం మొత్తం చుట్టింది. తుంగ దగ్గరికి వచ్చేసరికి గీత ఒక్కసారి పక్కకి ఒరిగింది. తాడు వదులైంది. పిడి నీళ్లలో పడి, దాని చుట్టూ వలయాలు లేచాయి. నా చెయ్యి దానంతట అదే ఎర్రజెండా ఎత్తింది.

"పడ్డాడు."

పెద్దమ్మ వేగం తగ్గించింది.

"చెయ్యెత్తాడా?"

వలయాలు పెద్దవై, పలచబడి, పోయాయి. మిగిలింది నీళ్లు. "ఎత్తాడు" అంటే సరిపోతుంది. నోరు తెరిస్తే అబద్ధాలు వరసకట్టే నాకు ఆ ఒక్కటి ఎంత పని? కానీ ఆ సీట్లో కూర్చుని చూడనిదాన్ని చూశాననడానికి నాలుక ఒప్పుకోలేదు.

"ఇంకా లేదు" అన్నాను.

ఇంజను గుడగుడలాడుతోంది. పెద్దమ్మ ఊపిరి బిగబట్టింది. నేను తల తిప్పేసరికి, మెల్లగా తలెత్తి అద్దంలోకి చూసింది. అలా చాలాసేపు చూసింది.

"ఎత్తాడు" అంది. ఊపిరి వదిలింది. "నువ్వు సరిగా చూళ్లేదు."

పడవని గుండ్రంగా, ఎక్కడా తడబడకుండా మళ్లించింది, పుట్టినప్పటి నుంచీ నడిపినట్టు. వలయాలు లేచిన చోటికి వెళ్లి ఇంజను ఆపింది. అక్కడ స్కీలు రెండూ పక్కపక్కన తేలుతున్నాయి. మేం వాటిని వదిలిన రేవు అవతలి గట్టున ఉంది. అలలకి కొట్టుకొచ్చాయంటే నేను కాదనను. ఆ రోజు అలలెక్కడున్నాయో మాత్రం మీరే చెప్పాలి. నేను వంగి స్కీలు అందుకునేలోపే పడవ వెనక అంచు ఎవరో మెట్టెక్కినట్టు జానెడు కిందికి దిగింది. మళ్లీ లేవలేదు, రేవుకి చేరేదాకా.

పొద్దున లారీ వచ్చి పడవని తీసుకుపోయింది. పెద్దమ్మ అద్దం ఒక్కటి ఊడదీసి ఉంచుకుంది. వంటింట్లో పొయ్యి పైన బిగించింది. మనకి వీపు పెట్టి వండుకుంటూనే ఎవరొచ్చారో, ఏం చేస్తున్నారో చెప్పేస్తుంది. ఇప్పుడు నన్ను ఆ ప్రశ్న అడగదు. మనిషి కాస్త ఒళ్లు చేసింది కూడా.

నిన్న వెళ్లాను. బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుని, తాడు లేకుండా స్కీయింగు చేసిన కథ మొదలుపెట్టాను. పెద్దమ్మ గరిటె తిప్పుతూ అద్దంలోకి చూసి నవ్వుతోంది. నా కథకే అనుకున్నాను.

"ఒరేయ్, కాస్త పక్కకి జరుగు. అడ్డొస్తున్నావు" అంది.

నా కుర్చీ గోడకి ఆనించి ఉంది, వెనక మనిషి పట్టే చోటు లేదు. జరిగాను.