ఘాట్ ఎత్తు నేను లెక్కలో వేయలేదు

ఆదివారం సాయంత్రం నాలుగుంబావుకి మా బస్సు ఘాట్ రోడ్డు ఎక్కి, పైన టీ కొట్టు దగ్గర ఆగింది. గ్లాసు అందుకుందామని చెయ్యి చాపితే ఎడమ భుజం లోపల, ఎముకలో, నొప్పి. నొక్కినా పెరగలేదు, రుద్దినా తగ్గలేదు. పొద్దున సిలిండర్ మోసిన చెయ్యి కదా అనుకున్నాను.

నేను గచ్చిబౌలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్వే లాబ్ అటెండర్ని. అప్పటికి నలభై ఆరేళ్ళు. చదివింది పదో తరగతి. మిగతా లెక్కలు విద్యార్థులు వదిలేసిన పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను. మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద బిల్డింగ్ లేచిన కొత్తలో మా కాలేజీ పిల్లలు, వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలో దిగే స్కూబా క్లబ్ ఒకటి పెట్టారు. ఎంత లోతుకు దిగితే ఎన్ని నిమిషాలు ఉండొచ్చు, పైకి వచ్చాక ఎంతసేపు ఆగి మళ్ళీ దిగాలి అని చెప్పే పట్టిక ఉంటుంది. డైవ్ టేబుల్ అంటారు. క్లబ్ సెక్రటరీ మాధురి దాన్ని నా ముందు పెట్టి, "యాదన్నా, మా లెక్కల మీద మాకే నమ్మకం లేదు, మీరొకసారి చూడరా" అంది. రెండు నెలలు చూశాను. చివరికి, "కాగితం మీద మమ్మల్ని ఇన్ని మీటర్లు దింపారు, ఈసారి మీరూ దిగండి" అని గోవా తీసుకెళ్ళారు. నాకు బావిలో నేర్చిన ఈత ఉంది. డైవింగ్ శిక్షకుడు రెండు పూటలు ఈతకొలనులో పరీక్షించి సరే అన్నాడు.

శని, ఆదివారాల్లో నాలుగుసార్లు దిగాను. చివరిది పదహారున్నర మీటర్లు, ముప్పై రెండు నిమిషాలు. అడుగున ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని తల ఎత్తాను. నా ఊపిరి బుడగలై పైకి పోతోంది. గోళీ అంత బయల్దేరిన బుడగ ఎక్కేకొద్దీ ఉబ్బి, పైన పళ్ళెమంత అయి పగులుతోంది. పైన ఉన్న నీటి బరువు తగ్గేకొద్దీ గాలి సాగుతుందని నాకు ముందే తెలుసు. తెలిసిన సంగతి కళ్ళముందు జరుగుతుంటే అలాగే చూస్తూ ఉండిపోయాను. గడియారం చూడటం మర్చిపోయాను. శిక్షకుడు భుజం తట్టి పైకి చూపించాడు.

పదకొండూ నలభైకి నీళ్ళలోంచి బయటికి వచ్చాం. ఒంటిగంటకు బస్సెక్కాం. సోమవారం క్లాసులున్నాయి మరి.

సోమవారం పొద్దున కొండాపూర్‌లో ఇంటికి దగ్గరున్న ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎక్స్‌రే చూసి, "బోన్ నార్మల్. ఈ వయసులో ఫ్రోజెన్ షోల్డర్ మామూలే. బరువేమైనా ఎత్తారా?" అన్నాడు. ఎత్తానన్నాను. పిల్లలతో కలిసి సముద్రంలో దిగానని చెప్పడానికి సిగ్గేసింది. ఇంజెక్షన్ చేసి పంపాడు.

అట్నుంచి అటే కాలేజీకి పోయాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో నా భార్య సరోజ నిలబడి ఉంది.

"ఒక్క చెప్పు ఏసుకొని వచ్చినవేంది? ఇంకోటేది?"

చూసుకున్నాను. ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియదు. గేటు ముందు కంకర పోసి ఉంది. దాని మీద ఉత్త కాలితో నడిచి వచ్చాను, గుచ్చుకోలేదు.

"పొద్దున్నే పిల్లలతోని సైరుకు పోయొచ్చినవని నవ్విన. ఇది నవ్వే ముచ్చట గాదు, కాలు ఈడుస్తున్నవ్ నువ్వు. దవాఖానకు నడు" అని సరోజ ఆటో పిలిచింది.

పెద్ద ఆసుపత్రికి చేరేసరికి ఆరూ పావు. లేడీ డాక్టరు అరికాలి మీద తాళంచెవితో గీసింది. "తెలుస్తోందాండి?" అని అడిగితే "ఏదండి?" అన్నాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఈ మూడు రోజుల్లో ఏమేం చేశారో వరసగా చెప్పండి."

అప్పుడు చెప్పాను.

"డైవింగ్ అయ్యాక ఒక రోజు విమానం ఎక్కకూడదని మీకు చెప్పలేదాండి?"

"చెప్పారండి. మేం ఎక్కలేదు. బస్సులో వచ్చాం."

"బస్సు ఎటు వచ్చింది? ఘాట్ ఎక్కలేదా? హైదరాబాద్ ఎంత ఎత్తులో ఉందనుకుంటున్నారు?"

"మా లాబ్ గోడ మీది ఎత్తు గుర్తు, అదే బెంచ్‌మార్క్ సముద్రమట్టానికి ఐదువందల డెబ్బై ఒక్క మీటర్లండి" అన్నాను. ఆ అంకె నోట్లోంచి వచ్చాక గానీ నా తప్పు నాకు కనిపించలేదు. ఎత్తులు కొలిచే పనిముట్లు తుడిచి పెట్టడమే ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగం. లోతును సెంటీమీటరుతో సహా లెక్కవేసినవాణ్ణి, ఎక్కబోయే కొండను వదిలేశాను. విమానం నియమం బస్సుకు పట్టదనుకున్నాను.

"దిగింది నీళ్ళలకు, ఎక్కింది బస్సు. గంతదానికి కాలెట్ల పోతది డాక్టరమ్మా?" అంది సరోజ.

"సోడా మూత తీస్తే బుడగలొస్తాయి చూడమ్మా. నీళ్ళ కింద ఒత్తిడికి ఈయన ఒంట్లో కరిగిన గాలి, ఎత్తు ఎక్కేసరికి అలా బుడగలైంది. డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. వెన్నుపాముకి దెబ్బ తగిలింది."

"నడుస్తడా?"

"ఆలస్యమైందమ్మా. ఇప్పుడే మాటివ్వలేను."

మానని పుండ్లకు వాడే, లోపల గాలి ఒత్తిడి పెంచే హైపర్‌బారిక్ చాంబర్ నగరంలో ఇంకో ఆసుపత్రిలో ఉంటే, ఆవిడే ఫోన్ చేసి అంబులెన్స్‌లో పంపింది. అక్కడి డాక్టరు, "మిమ్మల్ని మళ్ళీ పద్దెనిమిది మీటర్ల లోతుకి తీసుకెళ్తాం. నీళ్ళుండవు, అంతే" అన్నాడు. తలుపు మూశారు. సముద్రంలో దిగినప్పుడు మూసుకుపోయినట్టే చెవులు మూసుకుపోయాయి. ముక్కు పట్టుకుని ఊదితే తెరుచుకున్నాయి. చుట్టూ నగరం, ఆటోలు, ట్రాఫిక్. దాని మధ్యలో మంచం మీద పడుకుని నేను సముద్రం కిందికి పోతున్నాను. పదకొండో నిమిషానికి భుజం నొప్పి పోయింది, మళ్ళీ రాలేదు. నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు ఆక్సిజన్ పీల్చి బయటికి వచ్చాను. కాలు మాత్రం రాలేదు.

మర్నాడు మాధురి వచ్చింది. మిగతా ఆరుగురికీ డాక్టర్లు ఫోన్ చేయించారట. ఒకతనికి కొంచెం దురద, అంతే. "టేబుల్ తప్పు చూశామా యాదన్నా?" అని కళ్ళు తుడుచుకుంది.

"టేబుల్ సరిగ్గానే చూశాం తల్లీ. అది సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకి రాసింది. మనం ఒడ్డున ఆగలేదు."

ఒకే బస్సు, ఒకే లోతు, మరి నాకే ఎందుకని డాక్టర్ని అడిగాను. "వయసు కావచ్చు, నీళ్ళు తక్కువ తాగి ఉండొచ్చు. కచ్చితంగా చెప్పలేమండి" అన్నాడు. కారణం తెలియదని ఒక డాక్టరు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు.

చాంబర్‌లో రెండో సిట్టింగ్‌కి బొటనవేలు కదిలింది. ఆ సంతోషంలో ఉండగానే నాలుగో రోజు మూత్రం ఆగిపోయి క్యాథెటర్ వేశారు. ఆ రోజు సరోజ వైపు చూడలేకపోయాను. ఐదో రోజు నుంచి ఒక పని పెట్టుకున్నాను. గుండుసూదితో తొడ నుంచి కిందికి తాకుతూ, స్పర్శ ఎక్కడ ఆగితే అక్కడ పెన్నుతో గీత గీసి పక్కన తేదీ వేసేవాణ్ణి.

"కాలనుకున్నవా, మీ కాలేజీ గోడనుకున్నవా?" అనేది సరోజ. అంటూనే లుంగీ జరిపి ఈరోజు గీత ఎంత దిగిందో తనే చూసేది.

మోకాలి కింద నాలుగు వేళ్ళు. తర్వాత పిక్క సగం. ఒకరోజు అసలు కదల్లేదు. తొమ్మిది సిట్టింగులు అయ్యేసరికి గీత చీలమండ దాటింది. ఒంట్లో తెగిన దారిని ఒళ్ళే వెతుక్కుంటూ కిందికి దిగుతోంది. ఎలా దిగుతోందో నాకు తెలియదు. నేను చేసింది గీతలు గీయడం ఒక్కటే. పదకొండు వారాల ఫిజియోథెరపీ తర్వాత కర్ర లేకుండా లాబ్‌కి నడిచాను.

ఇది జరిగి ఏడాదిన్నర. చిటికెన వేలి కింద చింతగింజంత మేర ఇప్పటికీ స్పర్శ లేదు. మళ్ళీ దిగొద్దన్నారు, దిగను. క్లబ్‌తో వెళ్ళి పడవలో కూర్చుంటాను. ఇప్పుడు శనివారం మధ్యాహ్నంతో డైవింగ్ ఆపేస్తాం. ఆదివారం సాయంత్రం దాకా ఒడ్డునే ఉంటాం. "అంతసేపు ఇక్కడ కూర్చుని ఇసుక లెక్కపెట్టాలా యాదన్నా?" అని పిల్లలు విసుక్కుంటారు. లెక్కపెట్టమంటాను.

మీలో ఎవరైనా సముద్రంలో దిగి వస్తే, విమానమైనా బస్సైనా, ఎత్తు ఎక్కేముందు ఒక రోజంతా ఆగండి. తర్వాత ఒంట్లో ఏ చిన్న తేడా వచ్చినా, భుజం నొప్పి అయినా సరే, డాక్టరు అడగకముందే "నీళ్ళ కింద ఉండి వచ్చాను" అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు ఇరవై ఆరు గంటలు పట్టింది.