ప్రార్థన పేజీ కింది బొత్తం

ఈ సంగతి ఏళ్ల తరబడి మోస్తున్నాను. దించుకోవడానికి చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు దించుతున్నాను.

నేను తేలిగ్గా మరిచిపోయే మనిషిని కాను. ఏ పెళ్లిలో ఎవరు నన్ను పలకరించకుండా తప్పుకున్నారో ఇప్పటికీ చెప్పగలను. గొప్పకు చెప్పడం లేదు. నా చేత ఆ పని చేయించింది ఈ గుణమే.

చీపురుపల్లి దగ్గర మాదొక చిన్న బాప్టిస్టు సంఘం. నేను ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. సంఘానికి వెబ్‌సైట్ చేసింది నేనే. పాటలు, ప్రసంగాలు అందరికీ కనిపించేవి. ప్రార్థన విన్నపాల పేజీకి మాత్రం పాస్‌వర్డ్ ఉండేది, సంఘస్థులకే తెలుసు. ఉపవాస ప్రార్థనలో ఒకరు చెప్పుకున్న బాధ చర్చి గుమ్మం దాటకూడదన్నది మా కట్టుబాటు. ఆ పేజీకీ అదే వర్తిస్తుందని పాస్టరుగారు మొదట్లోనే చెప్పారు.

సంఘ వార్షికోత్సవం రోజున బిర్యానీ వండినవాళ్ల దగ్గర్నుంచి కుర్చీలు వేసినవాళ్ల దాకా అందరికీ మైకులో కృతజ్ఞతలు చెప్పారు. నా పేరు లేదు. అదేమని అడిగాను. స్త్రీల సమాజం అధ్యక్షురాలు కరుణమ్మక్క అందరి ముందూ పకపకా నవ్వింది.

"బొత్తాలు నొక్కడం కూడా సేవేనేటే? అలగైతే మా ఇంట్లో మిక్సీ దినామూ సేవ సేస్తన్నాది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

కొన్నాళ్లకు, పాటలు ఫేస్‌బుక్‌లోకి వెళ్లేలా షేర్ బొత్తాలు పెట్టమన్నారు కమిటీవాళ్లు. పెట్టాను. అవి ప్రతి పేజీ కిందా వచ్చి కూర్చున్నాయి. ప్రార్థన పేజీ కిందా వచ్చాయి. పరీక్షించి చూశాను. పేజీకి తాళమున్నా, షేర్ చేస్తే రాసినవారి పేరూ మొదటి రెండు మూడు వాక్యాలూ బయటికి కనిపిస్తున్నాయి. ఆ ఒక్క పేజీలో తీసెయ్యడం చిటికెలో పని. తీద్దామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా?

అప్పుడే కరుణమ్మక్క విన్నపం వచ్చింది. ఆమె కొడుకు ప్రసాదు అరసవల్లిలో గది అద్దెకు తీసుకుని లెక్కల ట్యూషన్ చెప్పేవాడు. కొంతకాలంగా కనిపించడం లేదు. కామెర్లని అందరికీ చెప్పారు. విన్నపంలో మాత్రం నిజం రాసింది. ప్రసాదుని విశాఖలో మానసిక వైద్యానికి చేర్పించామని, మందులు పనిచేస్తున్నాయని, బిడ్డ మళ్లీ ట్యూషన్ మొదలుపెట్టేలా ప్రార్థించండని.

చదివాను. జాలి కలిగింది. ఆ జాలి మధ్యలోనే మిక్సీ మాట వినిపించింది. బొత్తం నొక్కాను.

సంఘం ఫేస్‌బుక్ పేజీలో, సంఘం పేరు మీద పడింది. ఎవరు వేశారో చూసేవాళ్లకు కనిపించదు. ఆ పేజీని నడిపేవాళ్లలో నేనున్నాను, కరుణమ్మక్కా ఉంది. దుర్బుద్ధితో నొక్కింది నేనొక్కదాన్నే. తర్వాత నొక్కినవాళ్లంతా మంచివాళ్లు. ఎంతమంది ప్రార్థిస్తే అంత బలమని మావాళ్ల నమ్మకం. 'ఆమెన్' అని రాసి చుట్టాలకు పంపారు, వాళ్లు వాళ్ల చుట్టాలకు పంపారు, అలా ఆ విన్నపం ట్యూషన్ పిల్లల తల్లుల ఫోన్లలోకి ప్రేమగానే చేరిపోయింది. అప్పుడు ఆ పోస్టు తీసేశాను. ఏం లాభం?

కరుణమ్మక్క మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది.

"తాళం ఉన్న కాడే కదే రాసినాను. బయటికెలగెల్లిపోనాది?"

"షేర్ బొత్తానికి ఎవుల సెయ్యో తగిలుంటాదక్కా."

ఆమె తన చేతివైపు చూసుకుంది. "రాసినాక కింద ఏదో నొక్కినాను. అదేనేటి?"

"అదే అయ్యుంటాదక్కా."

ఆ అబద్ధానికి నేను తడుముకోలేదు. బొత్తం నొక్కేముందైనా కాసేపు ఆగాను. దీనికి ఆగలేదు.

ప్రసాదు తిరిగి వచ్చాడు. పిల్లలు రాలేదు. గది యజమాని ఖాళీ చెయ్యమన్నాడు. అందరికీ తెలిసిపోయాక ఇంక మందులు దేనికని మానేశాడు. మళ్లీ ఆసుపత్రిలో వెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. వాకిట్లో ఎవరైనా పిలిస్తే పెరట్లోకి వెళ్లిపోతాడు. నేను నొక్కకపోయినా ఆ జబ్బు తిరగబెట్టేదేనేమో? చాలాకాలం ఈ ప్రశ్న చాటున దాక్కున్నాను. కానీ ఆ పిల్లలు రాకపోవడం జబ్బు వల్ల కాదు.

కరుణమ్మక్క అధ్యక్ష పదవి వదిలేసింది. ఫోన్ ముట్టుకోదు. ఉపవాస ప్రార్థనలో ఎప్పుడూ ఒకటే మాట.

"నా సెయ్యి సేసిన తప్పుకి నా బిడ్డని సిచ్చించకు పెబువా."

మేమంతా ఆమెన్ అంటాం. నేనూ అంటాను. ఆమె పక్కనే మోకరించి అంటాను.

ఆ రోజు ఆమె నన్ను చూసి నవ్వడం తప్పే. ఇప్పటికీ అంటాను. దానికి ఆమె నన్ను క్షమించమని అడగనూ లేదు, నేను క్షమించనూ లేదు. కానీ ఒక నవ్వుకు ఇంత చెల్లించమని ఏ న్యాయం చెబుతుంది? ఆమెకు నిజం చెప్పాలి. చెప్పగలనా? ఎన్నిసార్లో ఆమె గేటు దాకా వెళ్లి, గేటు తియ్యకుండానే వచ్చేశాను.

కాబట్టి ముందు మీకు చెబుతున్నాను. ఆ చెయ్యి ఆమెది కాదు. నాది.

ఇది రాశాక నా గుండె కొంచెం తేలికపడింది. ఆమెది అలాగే ఉంది.