ఏరేసిన పల్లీలు

ఉద్యోగంలో చివరి మూడేళ్లు నేను రాయదుర్గంలోని ఒక ఐటీ భవనంలో, ఉద్యోగుల పిల్లల కోసం నడిపే క్రెష్‌లో డైటీషియన్‌గా పనిచేశాను. రిటైర్మెంట్‌కు ముందు ఏడాది జూన్‌లో జరిగిన సంగతి ఇది. వారం మెనూ వేయడం, కొత్త పిల్లల ఫారాలు చూసి వంటగదికి చీటీ రాసివ్వడం నా పని. సగం మంది శాకాహారులే. గుడ్డయినా పెట్టకపోతే బలమెక్కడిదని అడిగే అమ్మమ్మలకు పప్పు, పెరుగు, పల్లీలు ఉన్నాయని, బీ12, ఐరన్ సంగతి డాక్టరుకు చూపించుకుంటే చాలని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టేది. పల్లీలంటే నాకు మహా గురి. పులిహోరలో గుప్పెడు ఎక్కువే వేయించేదాన్ని.

వంట యాదమ్మది. మెదక్ వైపు మనిషి. గుడ్డుకు వేరే గిన్నె, వేరే గరిటె, తోమడానికి వేరే పీచు. ఒకసారి గుడ్డు గరిటె పప్పులో పెట్టారని గిన్నెడు పప్పూ పారబోసి మళ్లీ వండింది. ఆమె ఉండగా నాకేం దిగులని నిశ్చింతగా ఉండేదాన్ని.

ఆ నెలలో నాలుగేళ్ల సహస్ర చేరింది. కాకినాడ వాళ్లమ్మాయి. ఫారంలో 'తినని పదార్థాలు' అన్న గడిలో తల్లి వరసగా మాంసం, గుడ్డు, పుట్టగొడుగులు, పల్లీలు అని రాసింది. పల్లీలెందుకు తినరని నేను అడగలేదు. ఉన్నదున్నట్టు చీటీకెక్కించాను.

మూడో రోజు పులిహోర. యాదమ్మ ఓపిగ్గా కూర్చుని, ఒక్క పలుకు మిగలకుండా పల్లీలు ఏరి పాపకు పెట్టింది. పది నిమిషాల్లో పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం. కింది అంతస్తు క్లినిక్ నర్సు పరుగున వచ్చి ఇంజెక్షన్ చేసింది. పాపను కారులో ఆస్పత్రికి తీసుకెళ్లాం. సాయంత్రానికి పాప పెరుగన్నం కావాలని పేచీ పెట్టింది.

"పల్లీలు పడవని డాక్టరు గారు చెప్పారండి. నేను రాశాను కదండీ," అంది తల్లి. రాసింది, నిజమే.

మేనేజరు యాదమ్మను పనిలోంచి తీసేస్తానన్నాడు. తప్పు నాదని రాతపూర్వకంగా ఇచ్చాను. యాదమ్మ మాత్రం నన్ను ఒక్క మాటే అడిగింది.

"పల్లి గూడ ఆ పిల్లకు గుడ్డు లెక్కనే అని చెప్తే, గరిటె సుత తాకనియ్యకపోతుంటి గదమ్మా?"

మర్నాడే ఫారంలో ఆ గడిని రెండు చేశాను: అలవాటు లేక తిననివి ఒకటి, తింటే ప్రాణం మీదికి వచ్చేవి ఒకటి. పల్లీలను యాదమ్మ మళ్లీ వంటగది గడప దాటనివ్వలేదు.

జాగ్రత్తగా ఉండటం ఆమెకు నేను నేర్పాల్సిన పని లేదు. దేని విషయంలో జాగ్రత్త పడాలో చెప్పడానికే నాకు జీతమిచ్చారు. అది నేను చెప్పలేదు.