ఆమె కోర్సుకి నేను పెట్టిన పేరు

నేను జెద్దాలో ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్న రోజుల్లో, పరిశోధన పద్ధతులు నేర్పడానికి ఒక అమెరికన్ ప్రొఫెసరమ్మ కాంట్రాక్టు మీద వచ్చింది. అరవై దాటిన మనిషి. ఒళ్ళంతా కప్పే అబాయా తొడుక్కుని కూడా పెద్దపెద్ద అంగలేస్తూ నడిచేది. దేనికైనా ఆమెది ఒకటే మాట: "క్లాసులో ఏం చెప్పాలో టీచరే తేల్చుకోవాలి. మా దగ్గర అది ప్రాణంతో సమానం." మా దగ్గర ప్రాణం ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు తల్లీ, అని లోపల అనుకునేదాన్ని.

అవి కుటుంబాల మీద లెవీ మొదలైన రోజులు. ఇంట్లోవాళ్ళని దగ్గర ఉంచుకోవాలంటే తలకింతని కట్టాలి, అదీ ఏటేటా పెరుగుతుంది. మా ఆయన్నీ పిల్లల్నీ మళ్ళీ రాని ఎగ్జిట్ వీసా మీద భీమవరం పంపేశాను. "ఏడవకే బాబూ, నువ్వేడిస్తే పిల్లలు విమానం ఎక్కరు" అన్నాడు ఎయిర్‌పోర్టులో, తను కళ్ళు తుడుచుకుంటూ. పైన నితాఖత్ ఒకటి. స్థానికులకి చెప్పినన్ని ఉద్యోగాలు ఇవ్వకపోతే సంస్థకి ఎర్ర రంగు పడుతుంది, బయటివాళ్ళ కాంట్రాక్టులు ఆగిపోతాయి. మేమంతా నోరు మూసుకుని బతికేవాళ్ళం.

ఆఖరి సంవత్సరం చదివే సౌదీ పిల్ల ఒకతి, నేను ఫోన్లో మా చిన్నదాన్ని చూసి ఏడవడం గమనించింది. కొన్నాళ్ళకి ప్రాజెక్టు అంశం తెచ్చింది: కుటుంబాల్ని ఇంటికి పంపేసిన విదేశీ నర్సుల ఒంటరితనం. "మీ ఒక్కరి గురించే కాదు మిస్, అందరి గురించీ" అంది. ఇక నా కాంట్రాక్టు గతేమిటా అనుకున్నాను. నాతోపాటు గైడుగా ఉన్న ప్రొఫెసరమ్మ మాత్రం ఎగిరి గంతేసింది.

ప్రాజెక్టులకి అనుమతిచ్చే కాలేజీ కమిటీ తిప్పి పంపింది. అయితే మా కమిటీ చదివేది పేరొక్కటే. అందుకే కేరళ వాళ్ళూ, ఫిలిప్పీన్స్ వాళ్ళూ, నేనూ ఏళ్ళ తరబడి పైన పేరు మార్చి, లోపల సరుకు అలాగే ఉంచి పంపేవాళ్ళం. "నర్సుల విధి నిర్వహణపై నివాస పరిస్థితుల ప్రభావం, అని పెడదాం మేడమ్" అన్నాను.

ఆమె మొహం కందగడ్డలా చేసుకుంది. "కాదు. పేరు మారిస్తే ఓడిపోయినట్టే. మీకు భయం అలవాటైపోయింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకేం, టికెట్ కొనుక్కుని వెళ్ళిపోతారు. పిల్ల ఈ ప్రాజెక్టులో చేరిపోయింది, దాని ఏడాది పోతుంది. అప్పుడు మీ నీతులు ఏం చేసుకోను?" అనేశాను. ఆమె నా చేతిలో కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. చివరికి కొత్త పేరు కింద సంతకం పెట్టింది. పిల్ల పాసైంది, ప్రొఫెసరమ్మ కాంట్రాక్టు ముగించుకుని వెళ్ళిపోయింది.

నిజం చెప్పొద్దూ, ఆ రోజు ఆమె "కాదు" అన్నప్పుడు కోపంతోపాటు నాకు ఎంత హాయిగా అనిపించిందో! అంత గట్టిగా అనగలిగే టీచర్లు ఎక్కడో ఒకచోట ఉన్నారు కదా అని. మా పిల్లలకి ఫోన్లో ఆమె గురించి గొప్పగా చెప్పుకునేదాన్ని.

కొన్నేళ్ళకి ఆమె ఫోన్ చేసింది. నేనింకా జెద్దాలోనే ఉన్నాను. నల్లజాతి తల్లులకి కాన్పుల్లో జరిగే అన్యాయం మీద ఆమె అమెరికాలో ఎప్పటినుంచో ఒక కోర్సు చెబుతోంది. కొత్త నిబంధనలట, కోర్సు పేరులో జాతి మాటే ఉండకూడదట. మార్చకపోతే కోర్సే తీసేస్తారట. ఆమె గొంతు నేను గుర్తుపట్టలేనంత చిన్నగా ఉంది.

"నువ్వు ఇందులో ఆరితేరినదానివి కదా. ఒక పేరు చెప్పు" అంది.

పది పేర్లు నోటిదాకా వచ్చాయి. "వద్దు మేడమ్, మీరు మార్చకండి. మీరు కూడానా!" అన్నాను.

"పిల్లలు చేరిపోయారమ్మా. వాళ్ళ ఏడాది పోతుంది."

నేను ఆమె మీద విసిరిన మాటే అది. ఆమె దెప్పడానికి అనలేదు, పాపం, నిజంగానే వేరే దారి లేక అంది. నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి ముక్కు చీదుకుని, "రాసుకోండి" అన్నాను. "ప్రాంతాల వారీగా ప్రసూతి సేవల్లో తేడాలు. లోపల మాత్రం ఒక్క పాఠం కూడా తియ్యకండి."

ఆమె ఇంకోసారి, నెమ్మదిగా చెప్పమంది.