కాగితాల కట్ట మీద కూర్చున్నామె

ఆమెను మొక్కలమ్మ అనేవాళ్లం. కరువు ఏడాది పట్నం కాలేజీ నుంచి మా ఊరు కుందుర్పికి మొక్కలు సేకరించడానికి వచ్చింది. మొక్కను వేరుతో పెరికి, పాత పేపర్ల మధ్య పెట్టి, కట్ట కట్టి, బాగా అణగాలని దాని మీదే కూర్చునేది.

ఒకనాడు ఎండిపోయిన శనక్కాయ చేలో నేను కూరకని చెంచలాకు కోస్తాంటే, ఆమె కూడా అదే మొక్క ఒకటి పెరికి, దాని వివరాల చీటీ రాయబోయింది.

వెంట వచ్చిన ఆఫీసరు, "కలుపు అని రాయండి, చాలు" అన్నాడు.

నాకు మండింది. "ఏమప్పా, నా బిడ్డలు ఈ ఆకు తినే బతికుండారు. ఇది కలుపా?" అన్నాను.

మొక్కలమ్మ పైకి చదువుతా, చీటీ మీద పైన "చెంచలాకు", దాని కింద "కరువులో తిండి" అని రాసింది. నా పేరు అడిగి, చెప్పిన మనిషిగా కింద అదీ రాసింది.

"చదువురాని కూలిదాని పేరు కాలేజీలోనా? కొట్టేయండి" అన్నాడు ఆఫీసరు.

ఆమె చీటీని మొక్క పక్కన పెట్టి, కట్ట బిగించి, దాని మీద కూర్చుంది. "నన్ను లేపి తీసుకోండి సార్" అనింది. ఆయన కాసేపు ఎండలో నిలబడి, జీపెక్కి పోయినాడు.

యాభై దాటినాక నేను రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. పేరు రాయమంటే, పలక మీద పైన చెంచలాకు అని, కింద నా పేరు రాసినాను. పంతులమ్మ పైది తుడిచేయమనింది.

నేను తుడవలేదు.